ఫెలోషిప్ ఉత్తర్వు చూసి నోటు రాయకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా వయసు 27 ఏళ్లు. యూజీసీ జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)తో హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరుతున్నాను. రైస్ మిల్లు హమాలీల ఊపిరితిత్తులపై దుమ్ము, ఊక బూడిద ప్రభావం నా అంశం. నాన్న కూడా మిల్లు హమాలీయే. నా దగ్గర 1,60,000 రూపాయల ఎఫ్‌డీ ఉంది. దానితో స్కూటీ, ల్యాప్‌టాప్ కొని, ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమీటర్, దుమ్ము నమూనాలు తీసే పంపుతో పాటు ఫెలోషిప్ పడేదాకా ఖర్చుల కోసం తెలిసినవారి దగ్గర 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తీసుకుందామనుకుంటున్నాను. నోటు మీద నాన్న సంతకం పెడతారు. ఇది సరైన ఆలోచనేనా?

సమాధానం: కాదు. పరిశోధనలో చేరేవారు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టి మీ లేఖను ఎంచుకున్నాను. ఫెలోషిప్ ఉత్తర్వు చేతికి రాగానే దాన్ని ఒకటో తారీఖున పడే జీతంలా లెక్కవేసుకుంటున్నారు. మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు వస్తాయన్నది నిజమే కానీ, విశ్వవిద్యాలయం ప్రతి నెలా పోర్టల్‌లో ధ్రువీకరిస్తేనే ఆ డబ్బు కదులుతుంది. చేరిక పత్రాల పరిశీలన పూర్తయ్యేదాకా మొదటి వాయిదాకు నెలలు పట్టడం కొత్తేమీ కాదు. నల్లగొండలో నా దగ్గరికి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థికి ఏడు నెలల మొత్తం ఒకేసారి పడింది. ఈలోగా అతను చేసిన చేబదుళ్లు, వాటి మీద వడ్డీ తీర్చేసరికి అందులో మిగిలింది చాలా తక్కువ.

నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల మీద నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలు. ఫెలోషిప్ కాలమైన ఐదేళ్లూ వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోతే 3,60,000 చెల్లించి కూడా అసలు అలాగే మిగులుతుంది. పైగా నోటు మీద సంతకం మీ నాన్నగారిది. బస్తాలు మోసి బతికే మనిషి మీద ఈ అప్పు పెట్టడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను.

ఆ పరికరాలతో ఇప్పుడు పని కూడా లేదు. మొదట కోర్సువర్కు పూర్తి కావాలి. మనుషులకు పరీక్షలు చేసే అధ్యయనం కాబట్టి సంస్థాగత నైతిక కమిటీ అనుమతి వచ్చేదాకా ఒక్క హమాలీ చేత కూడా స్పైరోమీటర్‌లో ఊదించకూడదు. అంతకాలం అది అట్టపెట్టెలోనే ఉంటుంది, వడ్డీ మాత్రం తీసుకున్న రోజు నుంచే నడుస్తుంది. పంపు కొన్నంత మాత్రాన దుమ్ము కొలత కూడా పూర్తి కాదు. మిల్లుకు తీసుకువెళ్లే ముందు ఒకసారి, తెచ్చాక మరోసారి దుమ్ము పట్టే ఫిల్టర్ కాగితాన్ని మైక్రోబ్యాలెన్స్ (అతి సూక్ష్మ బరువులు తూచే త్రాసు) మీద తూచాలి, అది ప్రయోగశాలలోనే ఉంటుంది. కాబట్టి పరికరాలను విభాగం నుంచో, మీ గైడ్ ప్రాజెక్టు నుంచో, ఏదైనా వైద్య కళాశాల శ్వాసకోశ విభాగంతో కలిసి పనిచేసో సమకూర్చుకోండి. సొంత అప్పుతో కొనవద్దు.

ఇక ఎఫ్‌డీ. స్కూటీ, ల్యాప్‌టాప్ కోసం దాన్ని ముట్టుకోకండి, అదే మీ అత్యవసర నిధి. గది, భోజనం, ప్రయాణాలు, ఇంటికి పంపేది కలిపి నెలకు 22,000 అవుతుందనుకుంటే ఆరు నెలలకు 1,32,000 కావాలి. చేరిక నాటి ఖర్చులకు 28,000 పోయినా మీ దగ్గర సరిగ్గా అంత మిగులుతుంది. ఒక నెల ఖర్చును పొదుపు ఖాతాలో ఉంచి, మిగతాదాన్ని 22,000 చొప్పున ఐదు చిన్న ఎఫ్‌డీలుగా మార్చుకుంటే అవసరమైన నెలలో ఒక్కటే విడగొట్టుకోవచ్చు. బకాయిలు కలిసి పడిన రోజున, ఇంకేదైనా కొనక ముందే, విడగొట్టినవాటిని మళ్లీ వేయాలి. ఈ నిధి మొదటి ఏడాదికే కాదు. జేఆర్ఎఫ్, రెండేళ్ల తర్వాత అది మారే ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కలిపి ఐదేళ్లే ఇస్తారు, పీహెచ్‌డీకి మాత్రం ఆరేళ్ల వరకు గడువుంది. సిద్ధాంత గ్రంథం రాసే చివరి ఏడాదిలో చేతిలో పైసా లేక చదువు ఆపి ఉద్యోగంలో చేరినవారిని చూశాను. అందుకే ఫెలోషిప్ సక్రమంగా పడిన ప్రతి నెలా 5,000 ఈ నిధికి కలపండి.

నాన్నగారికి దగ్గు ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా లేకపోయినా మీ అధ్యయనం మొదలయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే ఆయనకు ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి. ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏటా 10 లక్షల వరకు రక్షణ ఉంటుంది, ఆయన పేరు అందులో సరిగ్గా ఉందో చూసుకోండి. సొంతంగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం (ఆ జబ్బులకు బీమా డబ్బు రాని గడువు) ఉండవచ్చు కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ నష్టమే.

ల్యాప్‌టాప్ తప్పదంటే పాతది తీసుకోండి. స్కూటీ ఆగవచ్చు. నిజంగానే డబ్బు తక్కువైన నెల వస్తే అమ్మ బంగారం కొంత బ్యాంకులో కుదువ పెట్టండి, చాలా బ్యాంకుల్లో రెండు రూపాయల వడ్డీలో సగం కూడా పడదు. నాన్నగారు ఇంకా సంతకం పెట్టలేదు కాబట్టి, డబ్బు ఇస్తామన్నవారికి అక్కర్లేదని ఈ వారమే చెప్పేయండి.