యుకలేలేకు పికప్ అమర్చడం: పెట్టెకు రంధ్రం పెట్టే ముందు చూసుకోవలసినవి

కరీంనగర్‌లో కళాశాల వార్షికోత్సవంలో వాయించడానికి మీ కాన్సర్ట్ సైజు యుకలేలేకు (గిటార్‌ను పోలిన నాలుగు తీగల చిన్న వాద్యానికి) పికప్, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, పెట్టాలనుకుంటున్నారని, ఎలక్ట్రిక్ గిటార్ నుంచి తీసిన పికప్ ఒకటి చేతిలో ఉందని, పెట్టెకు రంధ్రం చేయడం తప్పదా అని అడిగారు. హన్మకొండలో నా వాద్యానికి ఈ పని రెండుసార్లు చేయవలసి వచ్చింది. మొదటిసారి చెడగొట్టుకున్నాను కాబట్టి కొంత వివరంగానే రాస్తున్నాను.

గిటార్ పికప్ సంగతి ముందే తేల్చుకోవచ్చు. అది అయస్కాంతంతో పనిచేస్తుంది. తీగ ఇనుముదో ఉక్కుదో అయితేనే దాని కదలికను గుర్తిస్తుంది. యుకలేలే తీగలు నైలాన్‌వో ఫ్లోరోకార్బన్‌వో కాబట్టి ఆ పికప్‌కు అవి ఉన్నా లేనట్టే. మనకు కావలసింది చెక్క కంపనాన్ని, లేదా సాడిల్ (తీగలు ఆనే సన్నని బద్ద) మీద పడే ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే పియజో. ఇందులో రెండు రకాలు దొరుకుతాయి: బ్రిడ్జ్ (సాడిల్‌ను పట్టి ఉంచే చెక్క ముక్క) కింద, పైపలక లోపలి వైపున అంటించే గుండ్రటి బిళ్ల ఒకటి, సాడిల్ కింద గాడిలో పరిచే సన్నని పట్టీ మరొకటి.

మీరు బిళ్లతోనే మొదలుపెట్టండి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణంలో 27 మిల్లీమీటర్ల బిళ్ల చాలా చవకగా దొరుకుతుంది. దాన్ని వెంటనే జిగురుతో అతికించకుండా టేపుతో పైపలక బయటే, బ్రిడ్జ్ పక్కన తాత్కాలికంగా నిలిపి, చోటు మార్చి మార్చి వాయించి వినండి. వేలి వెడల్పంత జరిపినా ధ్వని మారిపోతుంది. నా వాద్యంలో మూడో తీగకూ రెండో తీగకూ నడుమ, బ్రిడ్జ్‌కు సరిగ్గా అడుగున ఉన్న చోటు నాలుగు తీగలనూ సమానంగా పలికించింది. చోటు ఖాయమయ్యాక మాత్రం గట్టిగా అతికించాలి. రెండువైపులా అంటుకునే మెత్తని టేపుతో నేను పెట్టిన బిళ్ల మే నెల ఎండకు జిగురు కరిగి ఊడి, పెట్టెలో గలగలలాడింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించింది పికప్ కాదు, దాని తర్వాత వచ్చేది. బిళ్ల నుంచి వచ్చిన వైరును నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే రేకు డబ్బా మీద గీసినట్టు పలచటి ధ్వని వచ్చింది. బిళ్ల నాసిరకమనుకుని మరొకటి కొన్నాను, దాని పరిస్థితీ అంతే. అసలు కారణం లెక్క వేస్తే తెలిసింది. అంత పెద్ద బిళ్ల కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యం) సుమారు 20 నానోఫారడ్లు ఉంటుంది. దాన్ని మిక్సర్‌లో ఉండే 10 కిలోఓమ్‌ల నిరోధమున్న ఇన్‌పుట్‌కు కలిపితే దాదాపు 800 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా తగ్గిపోతూ వస్తుంది. యుకలేలే తీగలను నొక్కకుండా మీటితే వచ్చే స్వరాలు 262 నుంచి 440 హెర్ట్జ్ మధ్యే ఉంటాయి, అంటే వాద్యం అసలు గొంతే తెగిపోతున్నదన్నమాట. అదే బిళ్లను 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్ (మిక్సర్‌కు ముందు సంకేతాన్ని బలపరిచే చిన్న పరికరం) ద్వారా పంపితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. సాడిల్ కింది పట్టీల కెపాసిటెన్స్ ఇంకా తక్కువ కాబట్టి వాటికి ప్రీఆంప్ మరింత అవసరం. కనుక ఖరీదైన పికప్‌కు పెట్టే డబ్బులో సగం ప్రీఆంప్‌కు పెట్టడమే మేలని నా అభిప్రాయం.

సాడిల్ పట్టీకి వెళ్లదలచుకుంటే ఓపిక కావాలి. గాడి అడుగు చదునుగా ఉండాలి, ఒక చివర పట్టీ వైరు లోపలికి దిగడానికి చిన్న రంధ్రం చేయాలి, పట్టీ మందమెంతో అంత మేర సాడిల్ అడుగును అరగదీయాలి. లేకపోతే తీగలు ఫ్రెట్‌ల (మెడ మీది లోహపు గీతల) నుంచి ఎత్తుకు లేచిపోతాయి. నేను సాడిల్‌ను చేత్తో పట్టుకుని అరగదీయడం వల్ల అడుగు గుండ్రంగా మారి, చివరి తీగ గట్టిగానూ రెండో తీగ అసలు పలకనట్టుగానూ వచ్చింది. గాజు పలక మీద సాండ్ పేపర్ పరచి, సాడిల్‌ను నిటారుగా నిలిపి రుద్దిన తర్వాత గానీ అది సరికాలేదు.

ఇక రంధ్రం. జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) కోసం పెట్టె అడుగున సుమారు 12 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, అది లోపలి చెక్క దిమ్మ గుండా పోవాలి. ఆ దిమ్మ ఎంత మందమో ఫోన్ లైటు, చిన్న అద్దం సాయంతో ముందే చూసుకోండి. నేను తలుపులు చేసే వడ్రంగి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన చేతిలో నైపుణ్యం లేక కాదు, తలుపు చెక్కకు వాడే బిట్ పలచటి ప్లైకి పనికిరాక అంచు పెచ్చుగా లేచిపోయింది. రెండోసారి చోటు మీద మాస్కింగ్ టేప్ అంటించి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో దారి చేసి, ఆ తర్వాత స్టెప్ బిట్‌తో (మెట్లు మెట్లుగా లావయ్యే బిట్‌తో) నెమ్మదిగా వెడల్పు చేశాను. కాన్సర్ట్ సైజు సౌండ్ హోల్‌లో (పైపలక మీది గుండ్రటి రంధ్రంలో) చెయ్యి పట్టదు కాబట్టి, జాక్‌లో బిగుతుగా దూరే సన్నని వెదురు పుల్లను అడుగు రంధ్రం నుంచి సౌండ్ హోల్ దాకా తెచ్చి, దానికి జాక్‌ను తొడిగి వెనక్కి లాగితే అది తన చోటికి వస్తుంది.

మీ కార్యక్రమం ఒక్కటే అయితే రంధ్రం అవసరమే లేదు. బిళ్ల వైరును సౌండ్ హోల్ గుండా బయటకు తెచ్చి, జాక్‌ను పెట్టె పక్కన టేపుతో నిలిపి వాయించవచ్చు. చూపుకు బాగుండదు, వినడానికి తేడా ఉండదు. సౌండ్‌బాక్సులు మీ వెనుక కాకుండా ముందు ఉండేలా చూడమని సౌండ్ సిస్టమ్ వారికి చెప్పండి, లేకపోతే పెట్టె ఆ ధ్వనిని పట్టుకుని కూత పెడుతుంది. లోపల అమర్చే ప్రీఆంప్ కొంటే, సాధారణంగా ప్లగ్ గుచ్చినంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందని గుర్తుంచుకుని, వాయించడం అయిపోగానే కేబుల్ పీకేయండి. నేను వారం రోజులు గుచ్చి వదిలేసి, తీరా వేదిక ఎక్కాక మైకు ముందు వంగి వాయించవలసి వచ్చింది.