కింద పనిచేసేవారు లెక్కచేయడం లేదనిపించినప్పుడు

కొత్తగా సూపర్‌వైజర్ అయిన తనను, వయసులో పెద్దదైన ఒక కార్మికురాలు లెక్కచేయడం లేదనీ, ఆమెను ఎలా దారిలో పెట్టాలనీ ఇక్కడ ఒకరు అడిగారు. ఆ దారిలో పెట్టాలనే ఆలోచనతోనే నేనూ మొదలుపెట్టి నష్టపోయాను.

పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారంలో పొట్టు తీసే విభాగాన్ని కొంతకాలం నేను చూసుకున్నాను. పౌనుకు 300 నుంచి 320 వరకు తూగే గుండ్లను, అంటే విరగని పప్పులను, డబ్ల్యూ 320 రకం అంటారు. అదే పప్పు విరిగితే ఆ ధర రాదు కాబట్టి, ముక్క ఎక్కువైతే యజమానికి సమాధానం చెప్పవలసింది నేనే. ఒక వారం ముక్క బాగా పెరిగింది. 20 ఏళ్ళుగా అదే పనిలో ఉన్న ఒకావిడ పళ్ళెంలో మరీ ఎక్కువగా కనిపించింది. ఆమె నా ముఖం చూసి మాట్లాడేది కాదు, పిలిస్తే ఆలస్యంగా పలికేది. అది పొగరని ముందే తీర్మానించుకున్న నేను, ముక్కకూ ఆ పొగరే కారణమనుకుని అందరి ముందూ మందలించాను. ఆమె మౌనంగా ఉండిపోతే అదీ ధిక్కారంలాగే తోచింది.

అసలు లోపం బోర్మాలో ఉంది. పొట్టు ఊడడానికి పప్పును అందులో వేడిమీద ఆరబెడతారు. ఆరడం చాలకపోతే పొట్టు వదలదు, ఎక్కువైతే పప్పు పెళుసెక్కుతుంది. రెండు రోజుల తర్వాత నేను వెళ్ళి ఆమెను అడిగితే, "మరీ ఎండిపోనాది బాబూ, సెయ్యేత్తే ఇరిగిపోతంది" అంది. ముందే ఎందుకు చెప్పలేదంటే, "తమరు కోపం మీదున్నారు గదేటి" అంది. అప్పటికే మిగిలినవారు ముక్కను గుండ్ల అడుగున దాచడం మొదలుపెట్టారు. ఆ రెండు రోజుల నష్టం నా కోపం తెచ్చినదే.

ఎదుటివారి తప్పుకు పరిస్థితిని వదిలి స్వభావాన్నే కారణంగా చూసే ఈ పొరపాటుకు మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో ఒక పేరు పెట్టారు. దానికి కోపం తోడైతే నిజం మన దాకా రావడమే ఆగిపోతుంది. 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించిన ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలికి, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. అక్కడివారు తప్పును బయటకు చెప్పుకోగలిగారన్నది ఆమె ఇచ్చిన వివరణ. మా పళ్ళేల అడుగున దాగిన ముక్కలను చూసినవాడిగా ఆ మాట నాకు వెంటనే అర్థమైంది.

మందలించింది అందరి ముందు కనుక, తప్పు నాదని కూడా అందరి ముందే చెప్పాను. అది కష్టంగానే అనిపించింది, కానీ చాటున చెప్పి ఉంటే ముక్క దాచినవారికి ధైర్యం వచ్చేది కాదు.

కాబట్టి ఆమె ప్రవర్తన గురించి అడగకండి, పని గురించి అడగండి. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, "ఈ పనిలో ఎక్కడ ఇబ్బందిగా ఉందమ్మా?" అని అడిగి, ఆమె చెప్పినదాన్లో ఒక్కటైనా ఆ వారంలోనే సరిచేయండి. మా ఆవిడ ఆ తర్వాత కూడా నాతో ఎక్కువగా మాట్లాడలేదు, ముఖం చూసి మాట్లాడే అలవాటూ రాలేదు. కానీ వర్షాకాలంలో ఒక ఉదయం, నేను పిలవకుండానే, పొట్టు వదలని నాలుగు పప్పులు అరచేతిలో పెట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది.