చెక్ మోడ్ గురించి మరీ మరీ చెబుతున్నా

చిన్నా,

మీ టీమ్‌లో అన్సిబుల్‌కి (ఎన్నో సర్వర్లను ఒక్కచోటి నుంచి సర్దే సాధనం) సొంత మాడ్యూళ్లు, అంటే అందులో ఒక్కో పని చేసే చిన్న ప్రోగ్రాములు, రాసే పని నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. సంతోషంగా ఉంది, గాభరాగానూ ఉంది, నువ్వు రాసింది రేపు సర్వర్లన్నిటి మీదా రూట్‌గా, అంటే పూర్తి అధికారాలతో, నడుస్తుంది కదా. అసలు ఆ పనికి రెడీమేడ్ మాడ్యూల్ లేదని చూసుకున్నావా? లేకపోతేనే రాయి.

తేలికవి గబగబా చెప్పేస్తా. మొదట్లో ప్లేబుక్ (సర్వర్ల మీద చెయ్యాల్సిన పనులు రాసుకునే ఫైలు) పక్కన లైబ్రరీ ఫోల్డర్‌లో పెట్టుకో, చాలు. పక్క టీములు అడగడం మొదలుపెట్టాక కలెక్షన్ చెయ్యి, అంటే అందరూ వాడుకునేలా ఒక ప్యాకేజీగా కట్టు: మాడ్యూళ్లు ప్లగిన్స్ లోపలి మాడ్యూల్స్ ఫోల్డర్‌లోకి, ఉమ్మడి కోడ్ మాడ్యూల్ యూటిల్స్‌లోకి. ఫైలు పేర్లలో హైఫన్ వద్దు, అండర్‌స్కోర్ వాడు. పాస్‌వర్డ్ తీసుకునే ఆప్షన్‌కి నో లాగ్ పెట్టు, లాగుల్లో కనబడకుండా.

ఇక అసలు సంగతి, చెక్ మోడ్. అంటే ఏదీ మార్చకుండా, నిజంగా నడిపితే ఏం మారుతుందో మాత్రం చెప్పే పద్ధతి. నేను ఇదివరకు చేసినచోట ఒక కుర్రాడు, చురుకైనవాడే, ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లు తీసేసే మాడ్యూల్ రాశాడు. పైభాగమంతా ఇంకో మాడ్యూల్ నుంచి దించేశాడు, దాంతోపాటు 'సపోర్ట్స్ చెక్ మోడ్ ట్రూ' (చెక్ మోడ్‌కి ఒప్పుకుంటానని చెప్పే లైను) కూడా వచ్చిపడింది. కింద కోడ్‌లో మాత్రం ఇప్పుడు చెక్ మోడ్‌లో ఉన్నామా అని చూసే లైను ఒక్కటీ లేదు. ఆ ట్రూ లేకపోయుంటే బతికిపోయేవాళ్లం, చెక్ మోడ్‌కి ఒప్పుకోని మాడ్యూల్‌ని అన్సిబుల్ స్కిప్ చేసి ఊరుకుంటుంది. నైట్ షిఫ్ట్‌లో ఉన్న అమ్మాయి, లిస్టు సరిగా ఉందో లేదో చూద్దామని, పద్ధతిగా చెక్ ఆప్షన్ పెట్టే ప్రొడక్షన్ మీద నడిపింది. లిస్టు తప్పు. పనిచేస్తున్నవాళ్ల అకౌంట్లు, హోమ్ డైరెక్టరీలతో సహా నిజంగానే పోయాయి. తెల్లారేదాకా తిట్లు తిన్నది ఆ పిల్లే, కోడ్ రాసినవాడు ఇంట్లో నిద్రపోతున్నాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నువ్వేం తక్కువవాడివి కాదురా, ఐదో తరగతిలో అక్క హోంవర్కు అక్క పేరుతో సహా దించేసినవాడివి! అందుకే ఇంత చెబుతున్నా. ముందు సర్వర్ ఎలా ఉందో చదువు, కావలసినదానితో పోల్చు. తేడా లేకపోతే చేంజ్డ్ ఫాల్స్ (మార్పేమీ లేదని) ఇచ్చి బయటికొచ్చెయ్. తేడా ఉండి, చెక్ మోడ్ కూడా అయితే, చేంజ్డ్ ట్రూ అని చెప్పి అక్కడే ఆగిపో. ఆ లైను దాటాకే దేనిమీదైనా చెయ్యి వెయ్యి. ఒకే ప్లేబుక్ వెంటవెంటనే రెండుసార్లు నడిపి చూడు, రెండోసారి కూడా చేంజ్డ్ అంటే ఏదో తేడా కొట్టినట్టే, దాన్ని నమ్ముకున్న హ్యాండ్లర్ (మార్పు జరిగితేనే నడిచే పని) ఊరికే సర్వీసుల్ని రీస్టార్ట్ చేస్తూ కూర్చుంటుంది.

డాక్యుమెంటేషన్, ఎగ్జాంపుల్స్, రిటర్న్ మూడూ రాయి, బద్ధకించకు. నీ తర్వాత వచ్చేవాళ్లు అన్సిబుల్ డాక్ కమాండ్ కొడితే కనిపించేవి అవే.

మొదటి మాడ్యూల్ మెర్జ్ చేసేముందు నాకు ఒకసారి చూపించు, ఆదివారం ఖాళీయే. అర్ధరాత్రిళ్లు ప్రొడక్షన్ జోలికి వెళ్లకు. సరిగ్గా తింటున్నావా?

పెద్దమ్మ