పేదరికం రేటు తక్కువ వస్తుంటే వెయిటు చూడండి

కుటుంబాల సర్వే డేటాతో మీరు వేసిన లెక్కలో పేదరికం రేటు అధికారిక నివేదిక కంటే బాగా తక్కువ వస్తోందన్నారు. డేటా ఫైలులోని కుటుంబం వెయిటును, అంటే సర్వేలోని ఒక్కో కుటుంబం మొత్తం ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే అంకెను, అలాగే వాడినట్టున్నారు. దానితో వచ్చేది పేద కుటుంబాల శాతం. నివేదికల్లో సాధారణంగా ఇచ్చేది పేద జనాభా శాతం. అది రావాలంటే వెయిటును కుటుంబ సభ్యుల సంఖ్యతో గుణించండి.

ఒకే వెయిటు ఉన్న రెండు కుటుంబాలు తీసుకోండి: ఇద్దరున్నది దారిద్ర్యరేఖకు పైన, ఎనిమిది మంది ఉన్నది కింద. మీ పద్ధతిలో పేదరికం 50 శాతం, మనుషుల లెక్కన 80 శాతం! పేద కుటుంబాలు సాధారణంగా పెద్దవి, అందుకే మీ అంకె కిందికి జారింది.

అప్పటికీ కలవకపోతే, ఖర్చును తలసరికి మార్చారా, ప్రాంతాలవారీ ధరల తేడాను సవరించారా చూసుకోండి. అన్నట్టు, క్లస్టర్ల (సర్వేకు కుటుంబాలను గుంపులుగా ఎంచుకున్న ఊళ్లు, వాడల) సంగతి సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) ఉండాల్సినదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది.