ఒకే డబ్బాలోని పెల్లెట్లు ఒక్కోటి ఒక్కోచోట తగులుతుంటే లోపం ఎక్కడున్నట్టు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కూకట్‌పల్లిలో ఇంట్లోనే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తున్నారు. తొమ్మిది పెల్లెట్లు ఒకచోట పడితే పదోది ఎక్కడికో పోతోంది. లోపం పెల్లెట్లదా, చేతిదా అని అడిగారు. విదేశీ వీడియోల్లోలాగా తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటే క్వాలిటీ బాగుంటుందా అని కూడా అడిగారు.

రెండోదానికి ముందు చెప్తాను. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. అమెరికాలో చాలామంది పేలిన తూటాల ఖాళీ గొట్టాల్లో మళ్లీ తుపాకి మందు నింపుకుంటారు నిజమే, అక్కడి చట్టం వేరు. ఇక్కడ లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అయినా మీ ఎయిర్ పిస్టల్‌కు మందుతో పనే లేదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ వెళ్తుంది, అంతే.

ఇక అసలు విషయం. షూటర్ ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే నేషనల్ ఛాంపియన్ అయిందని విని పిస్టల్ పట్టిన హైదరాబాద్ పిల్లల్లో మా అమ్మాయి ఒకతి. 9, 10, 10, 9 అని కొడుతూ ఉన్నట్టుండి 7 కొట్టేది. ధ్యాస ఎక్కడుందని నేను కేకలేసేవాణ్ని. ఒకరోజు ఏడుస్తూ, "నాన్నా, గురి తప్పితే నాకు తెలిసిపోతుంది. ఇది తప్పలేదు" అంది. ఆ మాట వాళ్ల కోచ్‌కు చెప్తే, "అయితే టార్గెట్ కార్డు చూడకముందే తగిలిన చోటు చెప్పమనండి" అన్నారు. దాన్ని షాట్ కాల్ చేయడం అంటారు. 60 షాట్లు కాల్ చేయించి రాసుకున్నాను. చెడిపోయిన వాటిలో సగానికి పైగా తను ముందే సరిగ్గా చెప్పింది, అవి చేతివి. మిగిలినవి మాత్రం "మధ్యలోనే" అని చెప్పినవి, పక్కకు పోయాయి.

డబ్బా తీసుకుని మా బావమరిది బంగారం షాపుకు వెళ్లాను. అక్కడి త్రాసు మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది. డబ్బా మీద 0.53 గ్రాములని ఉంది. చాలావరకు దానికి దగ్గరగానే ఉన్నాయి గానీ, 0.49 తూగినవీ కనిపించాయి. తర్వాత కాస్త వాలుగా పెట్టిన అద్దం మీద ఒక్కొక్కటే దొర్లించాను. ఒకే కొలత ఉన్నవి ఒకే వంపులో దొర్లుతాయి. తేడా ఉన్నది వేరే దారి పడుతుంది. అలా దారి తప్పిన వాటిని వెలుతురులో చూస్తే చాలావాటికి స్కర్ట్, అంటే వెనక పల్చటి అంచు, నొక్కుకుపోయి ఉంది. బ్యారెల్‌లో గాలిని పట్టి ఉంచేది ఆ అంచే. అది సొట్టపోతే గాలి ఒకవైపు నుంచి జారి పెల్లెట్ ఒరిగిపోతుంది.

ఆ సొట్టలన్నీ కంపెనీవి కావు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా స్కూటర్ డిక్కీలో, ప్రతి స్పీడ్ బ్రేకర్ మీదా ఎగిరెగిరి పడిన డబ్బా అది. సీసం చాలా మెత్తన. ఇప్పుడు డబ్బాలో పైన స్పాంజి ముక్క పెట్టి, చేతి సంచిలో తీసుకెళ్తున్నాం.

మీరు తూకం దాకా వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. రైఫిల్ కార్డులో 10 అంటే అర మిల్లీమీటర్ చుక్క, అక్కడ ప్రతి చిన్న తేడా లెక్కే. పిస్టల్‌లో 10 రింగు 11.5 మిల్లీమీటర్లు. సొట్టవి, తెల్లటి పొడి పట్టినవి ఏరి పక్కన పెడితే చాలావరకు సరిపోతుంది. కొనేటప్పుడు మాత్రం పోటీల కోసం చేసిన మ్యాచ్ గ్రేడ్‌వే కొనండి. హెడ్ సైజు, అంటే పెల్లెట్ ముందు భాగం వెడల్పు, 4.49, 4.50 మిల్లీమీటర్లవి రెండూ ఒక్కో డబ్బా తెచ్చి, పిస్టల్‌ను క్లాంప్‌లో బిగించి పదేసి షాట్లు కొట్టండి. క్లాంప్ లేకపోతే ఇసుక సంచి మీద ఆనించండి. ఒక బ్యారెల్‌కు నప్పింది ఇంకోదానికి నప్పదు, కాబట్టి పక్కవాళ్ల మాట విని పది డబ్బాలు కొనేయకండి. ఏది చిన్న గ్రూప్ ఇస్తే, అంటే షాట్లన్నీ దగ్గరదగ్గరగా పడితే, దాని బ్యాచ్ నంబర్ రాసుకుని, అదే బ్యాచ్‌వి అడిగి తెచ్చుకోండి.

పిస్టల్ మార్చే ఆలోచన అప్పటిదాకా ఆపండి. పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డబ్బా వాళ్లకు అందని చోట పెట్టండి, సీసం వాళ్లకు చాలా ప్రమాదం.