రికార్డ్ ప్లేయర్ కార్ట్రిడ్జ్‌కి స్పెసిఫికేషన్లు దొరకకపోతే ఆర్మ్‌కి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ (ఆర్మ్ చివర సూది ఉండే భాగం) పెట్టె మీద అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్టులు, ట్రాకింగ్ బరువు 2 గ్రాములు అని తప్ప ఏమీ లేదని, మీ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్ ఆర్మ్‌కి బిగించవచ్చా అని అడిగారు. నేను ఉండేది భీమవరంలో. నాకూ ఇలాంటిదే ఒకటి వచ్చింది. కంప్లయన్స్ ఎంతండీ అని అడిగితే, అమ్మినాయన "చాలా బాగా పాడుతుందండి" అన్నాడు. అంత డబ్బు పోసి కొనే వస్తువుకి ఆ ఒక్క అంకె చెప్పకపోవడం అన్యాయం.

సూదిని పట్టి ఉంచే రబ్బరు ఎంత మెత్తగా ఉందో చెప్పేది ఆ అంకే. మెత్తటి రబ్బరుకి బరువైన ఆర్మ్ జత కుదరదు. మా ఇంట్లో ఎండకి కాస్త వంకరపోయిన బాలమురళీకృష్ణ గారి ఎల్‌పీ ఒకటి ఉంది. అలాంటి జోడీతో అది పెడితే, పాట మొదలవకముందే స్పీకర్ కోన్ లోపలికీ బయటికీ కొట్టుకునేది. ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి ఊగే ఫ్రీక్వెన్సీ 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే ఈ బాధ ఉండదు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు సూదికి తెలిసే ఆర్మ్ బరువు), కార్ట్రిడ్జ్, స్క్రూల బరువు గ్రాముల్లో కలిపి కంప్లయన్స్‌తో గుణించండి. వచ్చినదాని వర్గమూలంతో 159ని భాగిస్తే ఆ ఫ్రీక్వెన్సీ వస్తుంది.

అంకె దొరికినా ఒక చిక్కుంది. జపాన్ కంపెనీలు ఎక్కువగా 100 హెర్ట్జ్ దగ్గర కొలుస్తాయి, యూరప్ వాళ్లు 10 దగ్గర. డెనాన్ డీఎల్-103 అనే కార్ట్రిడ్జ్‌కి ఇచ్చే 5 అనే కంప్లయన్స్ అంకె 100 హెర్ట్జ్ దగ్గరిది. మీ ఆర్మ్ 12 గ్రాములు, ఆ డెనాన్ 8.5, స్క్రూలు ఓ అర గ్రాము, మొత్తం 21. 5తో లెక్కేస్తే 15 హెర్ట్జ్ దాటిపోతుంది, పనికిరాదనిపిస్తుంది. 10 హెర్ట్జ్ దగ్గర అదే రబ్బరు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు మెత్తన. కంప్లయన్స్ 10 అనుకుంటే 11 హెర్ట్జ్, చక్కగా కుదురుతుంది.

మీ దగ్గర అంకే లేదు కాబట్టి లెక్కని తిరగేయండి. ముందు కార్ట్రిడ్జ్‌ని బంగారు కొట్లో తూయించండి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టే ఇవ్వండి, లోపల అయస్కాంతం ఉంటుంది, స్టీలు పళ్లెం లాక్కుంటే సూది పోతుంది. తర్వాత రెజొనెన్స్ (ఆ ఊగుడు) పరీక్షించే ట్రాకులున్న టెస్ట్ రికార్డు పెట్టి, ఏ ఫ్రీక్వెన్సీ చెప్పినప్పుడు కార్ట్రిడ్జ్ గట్టిగా వణుకుతుందో దగ్గరగా చూడండి. నాది 9 దగ్గర వణికింది. మొత్తం బరువు 21 గ్రాములే కాబట్టి కంప్లయన్స్ దాదాపు 15 అని తేలింది. పాతబడిన రబ్బరు గట్టిపడుతుంది, అందుకే పేపర్లు దొరికినా సెకండ్ హ్యాండ్‌ది ఒకసారి కొలవాల్సిందే. మే నెల మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, మన వేడికి రబ్బరు మెత్తబడి అంకె మారుతుంది.

కాయిల్ రెసిస్టెన్స్ తెలుసుకోవాలని మల్టీమీటర్ పెట్టకండి. ఫోనో ప్రీఆంప్‌లో (కార్ట్రిడ్జ్ సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) 100 ఓమ్‌ల లోడ్‌తో మొదలుపెట్టి చెవికి నచ్చినట్టు మార్చుకోవచ్చు.

వణుకు 7 కంటే కింద కనిపిస్తే తూయించిన బరువుతో సహా ఇక్కడే రాయండి. తేలికైన హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్‌ని బిగించే ముక్క) వేస్తే ఎంత మారుతుందో లెక్కేసి చెబుతాను.