తల కడిగే సింక్ దగ్గర మెడ పట్టేస్తోంటే

సింక్‌ది తప్పు కాదండి, ఎత్తు కుదరడం లేదు. విశాఖ ఎంవీపీ కాలనీలోని మీ సెలూన్లో పొడుగువాళ్లకే మెడనొప్పి అన్నారుగా, వాళ్ల మెడ గుంట సింక్ అంచు కన్నా పైన ఉంటుంది, అందుకని ముందుకి జారిపోయి కూర్చుంటారు, అప్పుడు సుమారు 5 కిలోల తల బరువు ఆ పింగాణీ అంచు మీదే పడుతుంది.

1. కుర్చీ సింక్‌కి దగ్గరగా జరపండి, భుజాలు ఆనాలి.

2. అందరూ వదిలేసేది ఇదే: మనిషి మారినప్పుడల్లా ఎత్తు సరిచూడాలి. మెడ కింద తువ్వాలు మడిచి పెడితే మెత్తగా ఉంటుంది గానీ మెడ వంపు తగ్గదు. పొట్టివాళ్లకి కూర్చునే చోట గట్టి దిండు వేయండి, పొడుగువాళ్లకి సింక్‌నే వంచండి. మన సముద్రపు గాలికి సింక్‌ని వంచే బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, ఒకసారి కదిపి చూడండి, కదలకపోతే స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి.

3. సిలికాన్ మెడ ప్యాడ్ ఆఖర్న, ఎత్తు కుదిరాకే పెట్టండి.

కళ్లు తిరుగుతున్నాయంటే మాత్రం వెంటనే ఆపి, మెల్లగా లేపండి. మెడ బాగా వెనక్కి వాలడం వల్ల పక్షవాతం వచ్చిన 5 కేసుల గురించి 1993లోనే అమెరికా డాక్టర్ మైకేల్ వైన్‌ట్రాబ్ రాశారు. అరుదే, అయినా మాట తడబడినా చెయ్యి తిమ్మిరెక్కినా 108కి ఫోన్ చేయండి.